ఇంజనులో ఊదుబత్తి

ఆయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను తోటలో మామిడికాయ కోయిస్తున్నాను. తిరువూరులో టైర్ల కొట్టాయన చేశాడు, ఏసీ భాయ్ పొద్దున విజయవాడ ఆస్పత్రిలో పోయాడని. అయ్యో అన్నాను. ఎన్నాళ్ళ నుంచి బాగోలేదు, డాక్టర్లు ఏమన్నారు, మట్టి ఎప్పుడు అని అడగవలసినవన్నీ అడిగాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాక నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు. నెత్తి మీది బరువు ఎవరో చెయ్యి సాయం పట్టి దించినట్టు అనిపించింది. ఉన్నదున్నట్టు రాద్దామని కూర్చున్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను. మా అన్న ఎలా పోయాడో ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు, ఆయనకీ నాకూ. ఇక నేనొక్కణ్ణే మిగిలానని అనుకున్నాను.

ఆయన షెడ్డు విజయవాడ రోడ్డులో లారీల కాటా పక్కన ఉండేది. కార్ల జోలికి పెద్దగా వెళ్ళేవాడు కాదు. కార్లకి కంపెనీవాడే ఏసీ పెట్టి పంపిస్తాడు, మన పనంతా వాడు పెట్టకుండా వదిలేసిన వాటితోనే అనేవాడు. పదిహేనేళ్ళు కాయలూ పత్తి బోరాలూ మోసి నడుం వంగిపోయిన పికప్ బండ్లు ఆయన దగ్గరికి వచ్చేవి. వాటికి ఏసీ పెట్టేవాడు. ముసలాడికి దసరా పండగ అని నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళు, పెట్టించుకునేవాళ్ళు పెట్టించుకునేవాళ్ళు.

ఊళ్ళో బండ్లన్నిటికీ చలవ పెట్టే మనిషి షెడ్డులో ఫ్యాను కూడా ఉండేది కాదు. మెళ్ళో తువ్వాలుతో విసురుకునేవాడు. ఎవరైనా వేళాకోళం చేస్తే, వంటవాడికి ఆకలి వెయ్యదులెండి అని తప్పించుకునేవాడు. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. వచ్చిన వాళ్ళెవరైనా సరే, తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళయినా సరే, ఆయనకి తమ్ముడుగారే.

బండి వచ్చిందంటే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగేవాడు. తరవాత పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఏసీ కంప్రెసర్‌ని తిప్పే సత్తువ ఆ ఇంజనులో మిగిలి ఉందో లేదో అలా వినేవాడట. లేకపోతే మొహమాటపడేవాడు కాదు. "పుట్టినప్పుడు లేని అవయవం పెడుతున్నాం తమ్ముడుగారూ, ఒళ్ళు ఒప్పుకోవాలి" అని వెనక్కి పంపేసేవాడు. సత్తువ ఉందనిపిస్తే రెండో ప్రశ్న వేసేవాడు. ఎంత చలవ కావాలని కాదు, ఇందులో ఎవరు కూర్చుంటారని.

ఇక ఊదుబత్తి సంగతి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఆయనకి ఎప్పుడూ నాలుగు ఊదుబత్తులుండేవి. ఏసీ బిగించి, గ్యాసు నింపి, బెల్టు సరిచూశాక బండిని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టేవాడు. బానెట్ ఎత్తి ఇంజను సందులో ఒక ఊదుబత్తి వెలిగించి, మళ్ళీ బానెట్ దించి, తను క్యాబిన్‌లోకి ఎక్కేవాడు. అద్దాలన్నీ బిగించుకుని, ఇంజను నడిపిస్తూ అరగంట అలా కూర్చునేవాడు. ఆ అరగంటలో ఎవరు పిలిచినా పలికేవాడు కాదు.

చూసేవాళ్ళకి అది పూజే. సాయిబుగారు కూడా మన బండికి ధూపం వేస్తున్నాడని రైతులు మురిసిపోయేవాళ్ళు. నెమలి ఊళ్ళోని వేణుగోపాలస్వామికి మొక్కుకున్న డ్రైవరొకడు ఊదుబత్తి పక్కన ఒక నిమ్మకాయ కూడా పెట్టాడు. ఆయన వద్దనలేదు. అసలు సంగతి నాకు తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. ఏసీ గొట్టాలు లోపలికి తేవాలంటే ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్యనున్న రేకుకి కన్నం చెయ్యాలి. ఆ కన్నాన్ని గట్టిగా మూయకపోతే సైలెన్సర్ పొగ లోపలికి వస్తుంది. పాత బండికి సైలెన్సర్ ఎక్కడో ఒకచోట చిల్లిపడకుండా ఉండదు. అద్దాలు వేసుకుని కూర్చున్న మనిషికి ఆ పొగ విషం. ఇంజనులో వెలిగించిన ఊదుబత్తి వాసన క్యాబిన్‌లోకి వచ్చిందంటే కన్నం ఎక్కడో మిగిలిందన్నమాట. ఆయన చేసేది పూజ కాదు, పరీక్ష.

ఆ ముక్క జనానికి చెప్పొచ్చు కదా అని తరవాతెప్పుడో అడిగాను. "భక్తి అనుకుంటే ఎవరూ అడ్డం రారు తమ్ముడుగారూ. పరీక్ష అని చెబితే, ఇప్పుడవన్నీ ఎందుకు భాయ్, తాళం ఇచ్చెయ్ అంటారు" అన్నాడు. ఏళ్ళ తరబడి ఆయన ఊహ తప్పలేదు. నా దగ్గర తప్పింది.

మా అన్నకి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి రెండుసార్లు విజయవాడ తీసుకెళ్ళి డయాలసిస్ చేయించేవాణ్ణి. అన్న మనిషి మొండి. ఏసీ కారు మాట్లాడతానంటే, నా బండి ఉండగా ఇంకొకడి బండిలో పడుకుని వెళ్తానా అనేవాడు. ఆ పికప్ ఆయనే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, దాంతోనే తోట పెంచాడు. కిడ్నీ మనిషికి నీళ్ళు కొలిచి ఇవ్వాలి. మే నెలలో ఆ రేకు డబ్బాలో రెండు గంటలు కూర్చుని, నాలుక పిడచగట్టుకుపోతున్నా గుక్కెడు నీళ్ళు అడగడానికి లేక, అన్న నా వైపు చూసిన చూపులు నేను భరించలేకపోయాను. అందుకే భాయ్ దగ్గరికి వెళ్ళాను.

ఇందులో ఎవరు కూర్చుంటారని నన్నూ అడిగాడు. చెప్పాను. ఒకసారి ఆయన్ని తీసుకురండి అన్నాడు. తీసుకెళితే అన్నని సీట్లో కూర్చోబెట్టి, తను కింద మోకాళ్ళ మీద కూర్చుని, గాలి ఎక్కడ తగలాలో చేత్తో కొలిచాడు. జబ్బు మనిషికి గాలి మొహాన కొట్టకూడదు, గుండెల మీద పడాలని బ్లోయర్‌ని నాలుగు వేళ్ళు కిందికి దించి బిగించాలనుకున్నాడు. అందుకోసమే ఆ రేకుకి ఎప్పుడూ చేసే చోట కాకుండా ఇంకోచోట కన్నం చెయ్యాల్సి వచ్చింది. ఆ కొలతకి రబ్బరు ఆయన దగ్గర లేదు.

ఐదోరోజు నేను వెళ్ళేసరికి ఏసీ నడుస్తోంది. ఆయన గాలిని అరచేత్తో చూసేవాడు కాదు, జ్వరం చూసినట్టు చేతి వెనకవైపు పెట్టి చూసేవాడు. నా చెయ్యి కూడా అలాగే పట్టుకుని గాలికి పెట్టాడు. ఐసులా ఉంది. బండి రేపు సాయంత్రం ఇస్తానన్నాడు. రబ్బరు ముక్క ఒకటి రేపు విజయవాడ బస్సులో వస్తుందట, అది పెట్టి, ఊదుబత్తి వెలిగించి ఇస్తాడట. ప్రస్తుతానికి గుడ్డ కుక్కానన్నాడు. రేపు తెల్లవారకముందే అన్నని తీసుకెళ్ళాలి. ఏసీ ఇంత చల్లగా వస్తుంటే ఒక రబ్బరు ముక్క కోసం, ఒక ఊదుబత్తి కోసం అన్నని మొన్నటిలా ఇంకోసారి బస్సులో, ఆ ఎండలో కాల్చాలా అని నాకు ఒళ్ళు మండింది. ఆ పూజేదో నేనే చేసుకుంటాలే భాయ్ అన్నాను. ఆయన నవ్వలేదు. తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. నేను ఆ జేబులో చెయ్యి పెట్టి తాళం లాక్కున్నాను. పెద్దవాడి జేబులో చెయ్యి పెట్టానని కూడా అప్పుడు తోచలేదు. బండి రోడ్డెక్కుతుంటే వెనక నుంచి గట్టిగా కేకేశాడు, అద్దం రెండు వేళ్ళు దించి ఉంచమని. స్పష్టంగా విన్నాను. ఏసీ వేసుకుని అద్దం దించుకునే బుద్ధిమంతుడు ఎవడుంటాడని నవ్వుకున్నాను.

మర్నాడు బయలుదేరేముందు, భాయ్‌తో చెప్పినట్టే ఊదుబత్తి వెలిగించాను. ఇంజనులో కాదు, క్యాబిన్‌లో, స్వామి పటం ముందు. వచ్చేటప్పుడు ఇంకొకటి వెలిగించాను. ఇంకే వాసన వచ్చినా తెలియకుండా క్యాబిన్ నిండా నేనే ఆ పరిమళం నింపిపెట్టాను.

అన్న ఆ రోజు సంతోషంగా ఉన్నాడు. ఒరేయ్, ఇది మన బండేనా అని రెండు మూడుసార్లు అన్నాడు. నాకు దారిలో తల బరువుగా అనిపించింది, నిద్ర చాలలేదనుకున్నాను. తిరిగి వస్తూ మైలవరం దాటాక కాయ కోతకి మనుషుల్ని పంపే మేస్త్రీ ఇంటి దగ్గర బండి ఆపాను. అన్న సీటు వెనక్కి వాల్చుకుని ఉన్నాడు. నువ్వెళ్ళి రారా, నాకు హాయిగా ఉంది, ఏసీ మాత్రం ఆపకు అన్నాడు. ఇంజను నడుస్తూనే ఉంది, అద్దాలు మూసే ఉన్నాయి. రెండు మాటలు మాట్లాడి వద్దామని వెళ్ళినవాణ్ణి ముప్పావుగంట కూర్చున్నాను. వచ్చి చూస్తే అన్న తల కిటికీ వైపు వాలి ఉంది. పిలిచాను. చేతి వెనకవైపు చెంపకి పెట్టి చూశాను. చల్లగా ఉంది. ఏసీ వల్లే అనుకున్నాను.

డయాలసిస్ మీద ఉన్న మనిషి కదా, గుండె ఆగి ఉంటుందన్నారు. ఎవరికీ అనుమానం రాలేదు, నాకూ రాలేదు. భాయ్‌కి వచ్చింది.

పెద్దకర్మ అయిన మర్నాడు తన మోపెడ్ మీద మా ఊరు వచ్చాడు. వరండాలో కాసేపు కూర్చుని, అన్న ఫొటోకి దణ్ణం పెట్టి, బండి తాళం ఒకసారి ఇవ్వమని అడిగాడు. గొడ్ల సావిడి దగ్గర నిలబెట్టిన బండి బానెట్ ఎత్తాడు. ఊదుబత్తి వెలిగించాడు. క్యాబిన్‌లోకి ఎక్కి, పక్క సీటు చూపించి నన్ను కూడా ఎక్కమన్నాడు. అది అన్న కూర్చున్న సీటు. అద్దాలు బిగించి ఇంజను వేశాడు. ఇద్దరం ఎదురుగా గోడని చూస్తూ కూర్చున్నాం. రెండు నిమిషాలు కూడా కాలేదు. కాళ్ళ దగ్గర నుంచి ఊదుబత్తి వాసన మెల్లగా పైకి వచ్చింది.

ఇంజను కట్టేసి, ఆ రోజు మీకు తలనొప్పి వచ్చిందా అని అడిగాడు. వచ్చిందన్నాను. అప్పుడు చెప్పాడు ఆ పరీక్ష సంగతంతా. గుడ్డ ఊడి కింద మ్యాట్ మీద పడి ఉంది. బొటనవేలు దూరేంత కన్నం. జేబులోంచి రబ్బరు ముక్క తీసి, బోర్లా పడుకుని దాన్ని బిగించాడు. ఆ రబ్బరు ముక్క తెచ్చుకుని మరీ వచ్చాడంటే దారంతా ఏమనుకుంటూ వచ్చాడో అని నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. పొగ వల్లే పోయాడని ఏ డాక్టరూ చెప్పలేదు. గట్టి మనిషికైతే తలనొప్పితో పోయేదేమో. మా అన్న గట్టి మనిషి కాదు.

నేను ఏడుస్తూ, వదినకి ఇదంతా చెప్పేస్తానని అనబోయాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "ఆ అమ్మకి పిల్లలు లేరు. ఇప్పుడు మీరే దిక్కు. మీరూ లేకుండా చెయ్యకండి. తాళం ఇవ్వకుండా ఉండాల్సింది నేను" అన్నాడు.

సరిగ్గా అప్పుడే వదిన మజ్జిగ గ్లాసుతో వచ్చింది. "ఆఖరి ప్రయాణమైనా ఆయన ఎండ బాధ పడకుండా చేశారు. మీ చేతి చలవండీ" అంది. భాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. తాగడానికి చాలాసేపు పట్టింది.

ఆ మాట వదిన ఊరికే అనలేదు. నమ్మింది. అప్పటి నుంచి ఏటా తోటలో మొదట పండిన పళ్ళు బుట్టకెత్తి, ముందు భాయ్‌కి ఇచ్చి రా అని నన్ను పంపించేది. ఆరేళ్ళు నేనే మోశాను ఆ బుట్ట. ఆయన ఎంత పనిలో ఉన్నా లేచి చేతులు కడుక్కుని నిలబడి తీసుకునేవాడు. అమ్మ బాగున్నారా అని అడిగేవాడు. బాగుందనేవాణ్ణి. అంతకుమించి మా మధ్య మాట ఉండేది కాదు. నేను వెళ్ళినప్పుడల్లా ఆయన నా కళ్ళలోకి కాకుండా బండి ముందు చక్రాల వైపు చూసేవాడు.

ఆ తరవాత ఆయన మారిపోయాడు. ఊదుబత్తి దేనికో ఇప్పుడు అందరికీ విప్పి చెప్పేవాడు. చెప్పిన కొద్దీ, అనుకున్నట్టే, ఎందుకులే భాయ్ అనేవాళ్ళు ఎక్కువయ్యారు. చాదస్తం ముదిరిందన్నారు. ఒక ఏడు నేను బుట్టతో వెళ్ళేసరికి గంపలగూడెం డ్రైవరొకడు తాళం ఇమ్మని గొడవ చేస్తున్నాడు, పత్తి లోడు ఆగిపోయిందట. భాయ్ వెళ్ళి ఆ బండి ముందు నేల మీద కూర్చున్నాడు. ఎండలో, కాళ్ళు చాపుకుని. ఎక్కించుకుని పొండి అన్నాడు. డ్రైవరు తిట్టుకుంటూ టీ కొట్టుకి పోయాడు. భాయ్ అక్కడ కూర్చునే నా వైపు ఒక్కసారి చూశాడు. బుట్ట బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఈ వేసవిలో ఆయన పోయాక, ఆ ఇల్లాలిని పలకరించి రావాలని వదిన పట్టుబట్టింది. నేను ఏవో సాకులు చెప్పాను. చివరికి ఆ పికప్‌లోనే తీసుకెళ్ళాను. వాళ్ళది చిన్న ఇల్లు, ముందు గది, లోపల గది, మధ్య పాత చీరతో కుట్టిన పరదా. భర్త పోయిన ఆవిడ నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాళ్ళ ఎదుట పడదు. అందుకని వదిన లోపలికి వెళ్ళింది, నేను ముందు గదిలో కుర్చీలో కూర్చున్నాను. పరదా అవతలి మాటలన్నీ వినిపిస్తున్నాయి. మామూలు పలకరింపులు అయ్యాయి. కాసేపు ఇద్దరూ ఏడ్చారు. ఆ తరవాత భాయ్ భార్య మొదలుపెట్టింది.

"ఆస్పత్రికి పోయేముందు మీకొక మాట చెప్పమన్నాడక్కా. మీ ఆయన ఊరికే గుండె ఆగి పోలేదంట. బండిలోకి పొగ వచ్చిందంట. కన్నం మూయకుండా బండి పంపించాను, తప్పు నా చేతిదే, ఆరేళ్ళూ చెప్పడానికి నోరు రాలేదు, ఆ అమ్మని మన్నించమని అడుగు అన్నాడు."

నా పేరు వస్తుందని కుర్చీ పట్టుకుని కూర్చున్నాను. తాళం మాట, అద్దం మాట. రాలేదు. ఆవిడ చెప్పడం అయిపోయింది.

 కావాలని చేసే మనిషా అమ్మా ఆయన, మన్నించాను, నువ్వు మనసులో పెట్టుకోకు అంది వదిన.  అంతే. చచ్చిపోతూ ఒక మనిషి నా తప్పుని తన పేరు మీద రాయించుకుపోయాడు, దాన్ని వదిన మన్నించేసింది కూడా. ఇక నేను లేచి వెళ్దామా వదినా అంటే సరిపోతుంది. ఆ మాట అందామనే లేచాను.

"ఆయన పంపించలేదు వదినా. నేనే ఆయన జేబులోంచి తాళం లాక్కొచ్చాను. అద్దం దించమని కూడా చెప్పాడు. విని కూడా దించలేదు" అన్నాను పరదాతో.

 లోపలి నుంచి భాయ్ భార్యే మెల్లగా అంది. "మీ మాట రాకుండా చెప్పడం వచ్చిందో లేదోనని నా చేత మూడుసార్లు చెప్పించుకున్నాడండీ."

పరదా తొలగించుకుని వదిన వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. నా ఎదురుగా నిలబడి ఒక్క ప్రశ్న అడిగింది. "మరి, నువ్వు దిగి వెళ్ళాక మీ అన్న హారన్ కొట్టలేదా?"

ఆ ముప్పావుగంట గురించి పైన రాసినప్పుడు ఒక ముక్క దాటేశాను. భాయ్‌కి కూడా ఇది చెప్పలేదు. మేస్త్రీతో మాట్లాడుతుండగా రోడ్డు మీద మా బండి హారన్ మోగింది. పొట్టిగా, వేలు జారినట్టు. మా బండి హారన్ నాకు తెలియకపోవడమేమిటి. తొందరపెడుతున్నాడులే అనుకుని మాటల్లో పడిపోయాను.

"కొట్టాడు వదినా, ఒకసారి" అన్నాను.

వదిన తల ఊపింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచింది. నేను పరిగెత్తినట్టే వెళ్ళి బండి తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. ఆమె బండిని దాటుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచి వెళ్ళి, చెయ్యెత్తి మా ఊరి మీదుగా పోయే గంపలగూడెం షేర్ ఆటో ఆపింది. వెనక సీట్లో ఇద్దరు కూలి ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుంది.